జీతము లేని నాట్యవిద్య – మన మగపిల్లలు

గడచిన శివరాత్రినాడు మా త్రిపురాంతకపు గుట్టపై స్వామిని దర్శించి మెట్లు దిగుచుండగా, పొరుగింటి యిల్లాలొకతె నన్ను కలిసికొని, చాలసేపు సందేహించి యొక మాట యడిగినది. ఆమె కుమారునకు తొమ్మిదేండ్లు. ఒక యుత్సవములో ఆడపిల్లలు చేసిన కూచిపూడి నాట్యమును చూచినది మొదలు, వాడు వాకిట నిలిచి అడుగులు వేయుచున్నాడట. ఆ బాలికల గురువును విచారింపగా, ఆయన “మగపిల్లవాడైనచో జీతము పుచ్చుకొనను, పంపుడు” అనెనట. “అక్కయ్యా, ఊరకే చెప్పెదననుచున్నారన్న నందులో ఏదో లోపముండదా? మా అత్తగారు ఆడంగి వేషములు మనకెందుకనుచున్నారు” అని యామె బాధ.

సోదరీమణులారా, ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒక పిల్లవాని విద్య యిందులో ఉన్నది.

నాట్యశాస్త్రము ప్రకారము భరతముని ఈ విద్యను మొదట తన నూర్గురు కుమారులకు నేర్పెను. అప్సరసలు రంగమునకు వచ్చినది తరువాతనే. కైశికీవృత్తి పురుషులకు సాధ్యము కాదని బ్రహ్మ వారిని సృజించెను. ఆ గ్రంథమున నాలుగవ యధ్యాయములో భరతపుత్రులు హిమవంతమున శివుని యెదుట ప్రదర్శించిన డిమము పేరు త్రిపురదాహము. అనగా మా గుట్టమీది స్వామి కథయే! దానిని చూచి సంతసించి శివుడు తండునిచేత భరతునకు అంగహారములను చెప్పించెను. అర్జునుడు ఇంద్రలోకమున చిత్రసేనునియొద్ద ఆటపాటలు నేర్చి, విరాటుని కొలువులో ఉత్తరకు గురువయ్యెను. గాండీవము పట్టిన చేయి ఆ విద్యవలన బలహీనము కాలేదని గోగ్రహణమునాడు కౌరవులకు తెలిసినది. నృత్తరత్నావళి వ్రాసిన జాయపసేనాని కాకతి గణపతిదేవుని గజసైన్యాధిపతి. ఆ కాకతీయుల శాసనములు మా దేవాలయమున నేటికిని చూడవచ్చును.

ఇక మన కూచిపూడి సంగతి. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, ఆ యూరి కుటుంబములలో పుట్టిన ప్రతి బాలుడును జన్మమున ఒక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని మాట తీసికొనెనని పరంపరగా చెప్పుకొందురు. అక్కడ తండ్రి కొడుకునకు, అన్న తమ్మునకు నేర్పెడివాడు. నెలజీతపు పద్దు లేదు. బాలుడు అడవులతోపాటు తాళము, పద్యము, వాచికము నేర్చుకొనవలెను. ఏలయన ఆ నాట్యమున పాత్రధారి తానే మాటలాడును. తెర మీదుగా జడను వ్రేలవైచి సత్యభామ ప్రవేశించుటయే విద్వత్సభకు సవాలు. వేదాంతం సత్యనారాయణశర్మగారు తమ యన్న ప్రహ్లాదశర్మగారియొద్ద నేర్చి ఆ వేషమున నిలిచినప్పుడు, పురుషుడని స్త్రీలే పోల్చలేకపోయిరని పెద్దలు చెప్పుదురు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ వేషమును ఎవరు ఆడంగితనమనిరి?

అయినను ఒక మాట దాచరాదు. ఆ విద్యకు జీతము లేదు గాని, ప్రవేశము అందరికిని లేదు. కొన్ని బ్రాహ్మణ కుటుంబముల బాలురకే తలుపు తెఱచియుండెను, ఆడువారికి మూసియుండెను. గడచిన శతాబ్దమున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారివంటి గురువులు స్త్రీలకు నేర్పుటతో ఆ తలుపు తెఱచుకొన్నది. 1963లో వెంపటి చినసత్యముగారు మదరాసులో స్థాపించిన అకాడమీలో బాలురతోపాటు బాలికలును నేర్చిరి. ఇప్పుడు బడి నిండ ఆడపిల్లలే. కృష్ణుని వేషమునకు సయితము బాలికకే కిరీటము పెట్టుచున్నారు. ఇంతకాలము బయట నిలిచిన మనము లోనికి వచ్చుట సంతోషమే. దానికై పిల్లవాండ్రు బయటికి పోనక్కఱలేదు.

జీతము లేకుండుటయే లోపమనుకొనువారు రష్యా సంగతి వినవలెను. అక్కడ 1738లో చక్రవర్తిని అన్నా ఆనతిచే సెంట్‌పీటర్స్‌బర్గునందు పెట్టిన బాలే పాఠశాలలో మొదట చేరినవారు రాజభవనపు పనివారి పిల్లలు: పన్నెండుగురు బాలురు, పన్నెండుగురు బాలికలు. ఖర్చు ప్రభుత్వముదే. భర్త విడిచిపోయిన యొక తల్లి 1898లో తన కుమారుని అదే పాఠశాలకు తీసికొనిపోయినది. ఆ బాలుడే లోకమంతయు కీర్తించిన నిజిన్‌స్కీ. ఊరక వచ్చిన విద్య అతనికి తక్కువ విద్య కాలేదు.

మన గురువు జీతము వద్దనుటకు కారణము దయ మాత్రమే కాదు, ఆయనకును అక్కఱయే. బాలుడు లేనిదే భాగవత కథలో సగము వేషములు కుంటుపడును. ఈ మాట చెప్పగానే పొరుగింటామె ముఖము తేటపడినది. దానము పుచ్చుకొనుచున్నామను చిన్నతనము పోయినది కాబోలు.

జీతము లేకున్నను ఖర్చు లేకపోదు. బస్సు చార్జీ, గజ్జెలు, ఒకనాటికి వేషపు బట్టలు ఉండనే యున్నవి. ఇవి ఎవరు భరింతురో ముందే యడుగుట తప్పుగాదు. సిమెంటు నేలపై గంటలకొలది అడుగులు వేయించినచో లేతమోకాళ్లు నొచ్చును. మట్టినేలయో, చెక్కలు పఱచిన నేలయో మేలు. కడుపునిండ తిని వెంటనే ఆడరాదు, ఆడివచ్చినపిమ్మట ఆకలితో ఉంచరాదు. బడిపాఠము చెడునని మా యింటివారితో సహా అందరు పురుషులును అనుదురు. వారమునకు రెండు పూటల నాట్యమువలన చెడిన పాఠమును నేనింతవఱకు చూడలేదు; వీధిలో పొద్దుపుచ్చుటవలన చెడినవి చాల చూచితిని.

పిల్లవాడు ఉగాది వెళ్లిన ఆదివారమునుండి పోవుచున్నాడు. తల్లి తోడు వెళ్లి, అరుగుపై కూర్చుండి, తిరిగి బస్సులో తీసికొనివచ్చును. వాని నాయనమ్మ ఇంకను సమ్మతింపలేదు. అయినను గజ్జెలు చీలమండలను ఒరయుచున్నవని వాడు చెప్పగా, తన పాతచీర అంచు చించి, నాలుగు మడతలు కుట్టి, వానికి కాక కోడలి చేతికిచ్చినదట.