నడకకు ముందు శనగలా, గ్లూకోజు నీళ్లా?

వ్యాయామానికి అరగంట ముందు గ్లూకోజు నీళ్లు తాగితే ఒంటికి బలమని చాలామంది నమ్మకం. రక్తంలో జరిగేది మాత్రం కొందరిలో దాదాపు తలకిందులు. వేగంగా అరిగే పిండిపదార్థం లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరుగుతుంది. అది బాగా పెరిగి ఉన్న సమయంలోనే పరుగు మొదలుపెడితే కండరాలు రెండు దారుల్లో చక్కెరను లాగేసుకుంటాయి. ఒక దారి ఇన్సులిన్ తెరిచేది, రెండోది కదిలే కండరం దాని సాయం లేకుండానే తెరుచుకునేది. పైగా కాలేయం వదలాల్సిన చక్కెరకు ఇన్సులిన్ అడ్డుపడుతుంది. రాబడి ఆగి ఖర్చు పెరిగిన సంసారమే! అందుకే మొదటి పావుగంట, ఇరవై నిమిషాల్లో కొందరికి చక్కెర పడిపోతుంది.

కాబట్టి ఎంత తిన్నామన్నదే కాదు, అది ఎంత వేగంగా అరుగుతుందన్నదీ చూడాలి. 1991లో సిడ్నీ పరిశోధకులు శిక్షణ పొందిన ఎనిమిదిమంది సైక్లిస్టులకు, తొక్కడానికి గంట ముందు, పిండిపదార్థం సమానంగా ఉండేలా ఒకసారి పప్పుధాన్యం, మరోసారి బంగాళాదుంప పెట్టారు. పప్పుధాన్యం తిన్నప్పుడు సగటున 20 నిమిషాలు ఎక్కువ తొక్కగలిగారు. ఆ తర్వాతి అధ్యయనాలు చాలావాటిలో ఇంత తేడా కనిపించలేదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆరోగ్యవంతుల్లో పడిన చక్కెర సాధారణంగా దానంతటదే సర్దుకుంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. అరగంట నడిచే ఆరోగ్యవంతులు అసలు ఏమీ తినకపోయినా ఫరవాలేదు.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారి సంగతి వేరు. మామూలుగా వ్యాయామం మొదలవగానే శరీరం ఇన్సులిన్ తగ్గించుకుంటుంది. సూదితో ఎక్కిన ఇన్సులిన్‌ను అలా వెనక్కి తీసుకోలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ముప్పు చాలా తక్కువ. ఇన్సులిన్ వాడేవారు గంటా రెండు గంటల ముందు తినదలిస్తే, ఇడ్లీ కన్నా ఉడికించిన శనగలో పెసలో చక్కెరను నిదానంగా పెంచుతాయి. పెసరట్టూ మంచిదే గానీ, గింజను మెత్తగా రుబ్బితే అరుగుదల కొంత వేగమవుతుంది. అయితే నిదానం అన్నివేళలా మేలు కాదు. బయల్దేరేముందు చక్కెర డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే వేగంగా అరిగే పిండిపదార్థం 15 నుంచి 30 గ్రాములు తీసుకోమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచించింది. 70 కన్నా దిగజారితే నడక మానేసి, ఇందాక కాదన్న ఆ గ్లూకోజు నీళ్లే తాగాలి; అప్పుడు శనగలు అరిగేదాకా ఆగే వ్యవధి ఉండదు.