నమ్మకం ఖరీదు సెకన్లలో

దోహాకు దక్షిణాన అల్ వుకైర్‌లోని ఎజ్దాన్ ఒయాసిస్ వంటి నివాస సముదాయాల నుంచి జీతం పడగానే జగిత్యాలకో కడపకో డబ్బు పంపడం మామూలే. బ్లాక్‌చెయిన్ వస్తే ఆ పని కానీ ఖర్చు లేకుండా క్షణాల్లో అయిపోతుందని చాలాకాలంగా చెబుతున్నారు. ఆ మాట ఈ యంత్రం పుట్టుకను మరిచి అన్నది. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకొక బ్లాకు చేరుతుంది, సెకనుకు ఏడు లావాదేవీలు దాటడం కష్టం. ఇది కోరి తెచ్చుకున్న నిదానం. ఎవరినీ నమ్మనక్కర్లేకుండా ఉండాలంటే ప్రతి నోడూ, అంటే గొలుసులోని ప్రతి కంప్యూటరూ, ప్రతి లెక్కనూ తానే సరిచూసుకోవాలి. అందుకే కంప్యూటర్లు ఎన్ని చేర్చినా వేగం పెరగదు, చేసిన లెక్కనే ఇంకొందరు చేస్తారంతే. షరతు తీరగానే సొమ్ము దానంతటదే కదిలే స్మార్ట్ కాంట్రాక్టులతో 2015లో ఇథీరియం వచ్చింది. 2017 డిసెంబరులో క్రిప్టోకిట్టీస్ అనే పిల్లిబొమ్మల ఆట దాన్ని ఉక్కిరిబిక్కిరి చేసింది. బ్యాంకుల భారం మోస్తానన్న యంత్రం పిల్లుల దగ్గరే చతికిలబడింది!

ఇది పాత కథ, ఇప్పుడు రోలప్‌లు వచ్చాయి కదా అనవచ్చు. నిజమే. లావాదేవీలను బయట కట్టగట్టి అసలు గొలుసు మీద సారాంశమే రాస్తున్నారు. ఇథీరియంలో 2024 మార్చి నాటి డెన్‌కన్ మార్పుతో వాటి రుసుములు బాగా పడిపోయాయి. కానీ చాలా రోలప్‌లలో లావాదేవీలను వరసపెట్టే సీక్వెన్సర్ ఒకే సంస్థ చేతిలో ఉంది. వద్దనుకున్న మధ్యవర్తి దొడ్డిదారిన వచ్చేశాడన్నమాట. మధ్యవర్తి తప్పదంటే యూపీఐ ఉండనే ఉంది. 2025 ఆగస్టులో అది 2,000 కోట్లకు పైగా, అంటే సగటున సెకనుకు ఏడు వేలకు మించి చెల్లింపులు నడిపింది. పైగా ఖతార్ నుంచి పంపే సొమ్ముకు గుర్తింపు తనిఖీ, రియాల్-రూపాయి మారకం ఎలాగూ తప్పవు. గొలుసు ఎంత పరుగెత్తినా ఆ రెండూ కరగవు.

అలాగని ఈ యంత్రం పనికిరానిది కాదు. పని తక్కువ, అనుమానం ఎక్కువ ఉన్నచోట అది రాణిస్తుంది. చిట్టీ పాట సాధారణంగా నెలకోసారే, కానీ ఎవరు ఎంతకు పాడారో, సొమ్ము చేరిందో లేదో అన్న తగాదాలు మాత్రం తెగవు. తెలంగాణలో టీ-చిట్స్ పేరిట ఆ రికార్డునే బ్లాక్‌చెయిన్ మీదికి తెచ్చారు. అక్కడ సెకనుకు వేల లావాదేవీలతో పనేముంది? ఖతార్ ఫైనాన్షియల్ సెంటర్ కూడా 2024 నిబంధనల్లో స్మార్ట్ కాంట్రాక్టులకు చట్టబద్ధత ఇచ్చి, క్రిప్టో నాణేలను, స్టేబుల్‌కాయిన్లను పక్కనపెట్టింది. నా దృష్టిలో అది సబబైన విభజన. డబ్బు పంపేవారు మాత్రం రుసుమొక్కటే చూసి మోసపోవద్దు. వెయ్యి రియాళ్లకు ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయో రెండు మూడు చోట్ల అడిగి మరీ పంపండి.