ఇంటి కంప్యూటర్‌కు అప్‌గ్రేడా, ఫార్మాటా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత రాయ్‌పూర్‌లోని మన తెలుగు సిబ్బంది కుటుంబాలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "విండోస్ 11కు ఎలా మారాలండీ?" ఇక్కడి రిపేరు షాపులో అడిగితే "ఫార్మాట్ మార్ దేతే హై" అంటారు. అంటే ఉన్నదంతా చెరిపేసి కొత్తగా వేసిస్తారన్నమాట. షాపువాళ్లకు అది తేలిక పని. మన ఇంటికి అది అవసరమా అన్నది మనమే తేల్చుకోవాలి.

అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు దాదాపు అలాగే ఉంటాయి. క్లీన్ ఇన్‌స్టాల్‌లో విండోస్ ఉన్న డ్రైవును పూర్తిగా తుడిచి, ప్రోగ్రాములన్నీ మళ్లీ వేసుకోవాలి. బదిలీలు అలవాటైన మన మాటల్లో చెప్పాలంటే, మొదటిది ఉన్న ఇంటికే రంగులు వేయించుకోవడం. రెండోది ఇల్లు ఖాళీ చేసి కొత్త ఇంట్లో దిగడం.

ముందు కంప్యూటర్‌కు అర్హత ఉందో లేదో చూడండి. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 భద్రతా చిప్, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే 'పీసీ హెల్త్ చెక్' ఈ సంగతి చెబుతుంది. అర్హత లేని యంత్రానికి ఫార్మాట్ చేసినా అర్హత రాదు.

మేనేజ్‌మెంట్ చదువులో నాకు బాగా పనికొచ్చిన సూత్రం ఒకటుంది: వెనక్కి తీసుకోగలిగే నిర్ణయాన్ని ముందు ప్రయత్నించాలి. అప్‌గ్రేడ్ నచ్చకపోతే సాధారణంగా 10 రోజుల్లోపు పాత విండోస్‌కు తిరిగి వెళ్లవచ్చు. తుడిచేసిన డ్రైవుకు అలాంటి గడువేమీ లేదు. అందుకే కంప్యూటర్ బాగా పనిచేస్తుంటే అప్‌గ్రేడే మేలు.

అయితే మూడు సందర్భాల్లో క్లీన్ ఇన్‌స్టాలే సరైనది. వైరస్ అనుమానం ఉన్నప్పుడు, ఇతరులు వాడిన కంప్యూటర్ కొన్నప్పుడు, విండోస్ తరచూ మొరాయిస్తున్నప్పుడు. వైరస్ ఉన్న యంత్రాన్ని అప్‌గ్రేడ్ చేస్తే అది కూడా వెంట రావచ్చు. అందులోంచే నెట్ బ్యాంకింగ్ చేస్తుంటే, పాస్‌వర్డులను మరో పరికరం నుంచి వెంటనే మార్చండి.

ఏ దారి ఎంచుకున్నా బ్యాకప్ తప్పనిసరి. డీ డ్రైవులో దాచాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. చాలా కంప్యూటర్లలో సీ, డీ రెండూ ఒకే డిస్కులోని రెండు భాగాలు. ఆ డిస్కు చెడితే రెండూ పోతాయి. బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని మరో కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను మరవద్దు. ఊళ్లో ఉన్న అమ్మ గొంతు రికార్డు, పిల్లల చిన్ననాటి వీడియోలు ఏ షాపులోనూ మళ్లీ దొరకవు. ఇంట్లో పెద్దవాళ్లు అను ఫాంట్లలో టైపు చేసిన రచనలుంటే ఆ ఫాంట్లనూ దాచండి. అవి లేకపోతే తెలుగు అక్షరాలకు బదులు అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి.

డ్రైవుకు బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీని, ఆఫీస్ వంటి ప్రోగ్రాముల కొనుగోలు వివరాలను కాగితం మీద రాసి పెట్టుకోండి. పని జరుగుతున్నంతసేపూ ల్యాప్‌టాప్‌కు ఛార్జర్, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి. మధ్యలో కరెంటు పోతే చిక్కే.

షాపుకే ఇవ్వాల్సి వస్తే, బ్యాకప్ ఇంట్లో పెట్టాకే యంత్రం ఇవ్వండి. తీరికగా ఉన్న ఆదివారం ఉదయం ఈ పని పెట్టుకోండి, మార్చి నెలాఖరున మాత్రం వద్దు!