బరువు తగ్గడం మధ్యలో ఆగిపోయిందా? కడుపు మాడ్చుకునే ముందు ఈ లెక్కలు చూసుకోండి

షుగర్ వచ్చిందనో, బీపీ ఎక్కువైందనో డాక్టర్ చెప్పాక మన గల్ఫ్ కార్మికులు చాలామంది బరువు తగ్గించే పనిలో పడతారు. రాత్రి అన్నం తగ్గిస్తారు, కూల్‌డ్రింకులు మానేస్తారు. మొదటి నెలలో మూడు నాలుగు కిలోలు దిగుతుంది. రూములో వాళ్లు "బాగ తగ్గినవ్ అన్నా" అంటారు. రెండో నెలలో ఇంకొంచెం తగ్గుతుంది. మూడో నెల వచ్చేసరికి ముల్లు అక్కడే ఆగిపోతుంది. తిండి అంతే, పని అంతే, బరువు మాత్రం కదలదు.

అప్పుడు కొందరు విసుగొచ్చి పాత తిండికి వెళ్లిపోతారు. రెండు నెలల్లో పోయిన కిలోలన్నీ తిరిగొస్తాయి, షుగర్ కూడా వాటి వెనకే వస్తుంది. ఇంకొందరు పంతం పట్టి ఒక్క పూటే తింటారు, నీళ్లు తగ్గిస్తారు, ఎవరో చెప్పిన మాత్రలు మింగుతారు. 45 డిగ్రీల ఎండలో పనిచేసే మనిషికి ఇది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. అందుకే బరువు ఎందుకు ఆగుతుందో, ఆగినప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట్లో తగ్గిందంతా కొవ్వు కాదు

మనం తిన్న అన్నం, రొట్టెల్లోంచి కొంత పిండిపదార్థం లివర్‌లో, కండల్లో నిల్వ ఉంటుంది. దాదాపు అర కిలో దాకా ఉండే ఆ నిల్వ, ప్రతి గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించిన మొదటి పది, పదిహేను రోజుల్లో ముందు ఖర్చయ్యేది ఇదే. దాంతో పాటు నీళ్లూ పోతాయి. అందుకే మొదట్లో బరువు గబగబా దిగుతుంది. ఆ తర్వాత తగ్గేది అసలు కొవ్వు, అది మెల్లగానే కరుగుతుంది. వారానికి అర కిలో తగ్గితే మంచి వేగమే. మొదటి నెల లెక్కనే మూడో నెలలో కూడా చూసుకుంటే నిరాశ తప్పదు.

శరీరం చిన్నదైంది, ఖర్చూ తగ్గింది

అసలు కారణం ఇదే. మీరు 92 కిలోల నుంచి 86కి వచ్చారనుకోండి. ఇన్నాళ్లూ మెట్లెక్కినా, సామాను మోసినా, చివరికి నిద్రపోయినా ఆ ఆరు కిలోల్ని కూడా పోషించాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఒక కిలో తగ్గితే శరీరం రోజువారీ ఖర్చు సుమారు 20 నుంచి 30 కేలరీలు పడిపోతుంది. అంటే ఆరు కిలోలకు రోజుకు 120 నుంచి 180 కేలరీలు. దీనికి తోడు తిండి తక్కువైనప్పుడు మనకు తెలియకుండానే కదలికలు తగ్గుతాయి. డ్యూటీ నుంచి రాగానే మంచం ఎక్కడం, లిఫ్ట్ కోసం నిలబడడం లాంటివి.

కాబట్టి మూడు నెలల క్రితం మిమ్మల్ని సన్నబరచిన తిండే ఇప్పుడు మీ బరువును ఉన్నచోట నిలబెడుతోంది. శరీరం మొండికేసిందనుకోకండి. జీతం తగ్గినప్పుడు ఇంటి ఖర్చు మళ్లీ రాసుకున్నట్టు, ఇప్పుడు తిండి లెక్క కొత్తగా రాసుకోవాలి.

నిజంగానే ఆగిందా?

బరువు ఒక్క రోజులోనే కిలో, కిలోన్నర అటూ ఇటూ కావడం మామూలే. ముందు రోజు ఆవకాయ, చిప్స్ ఎక్కువ తింటే ఉప్పు నీళ్లను పట్టి ఉంచుతుంది. రెండు రోజులు విరేచనం కాకపోయినా తేడా వస్తుంది. ఆడవాళ్లకు నెలసరి ముందు నీరు చేరుతుంది. ఎండలో చెమటోడ్చి వచ్చి చూసుకుంటే కిలో తక్కువ కనిపిస్తుంది గానీ, అది పోయిన నీళ్లే. ఒక సీసా తాగగానే తిరిగొస్తుంది.

అందుకని వారానికి ఒకసారే, ఒకే రోజున, పొద్దున లేచి బాత్రూముకు వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకే మిషన్ మీద చూసుకోండి. దాంతో పాటు టేపుతో బొడ్డు దగ్గర నడుము కొలవండి. మన భారతీయుల్లో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు లెక్క పెట్టుకుంటారు. కిలోలు కదలకపోయినా నడుము తగ్గుతుంటే మీ పని సాగుతున్నట్టే. మూడు నాలుగు వారాలు బరువూ, నడుమూ రెండూ కదలకపోతేనే ఆగినట్టు లెక్క.

చిల్లు ఎక్కడుందో వెతకండి

క్యాంపులో, రూములో ఉండేవాళ్లకు నాలుగు చోట్ల తెలియకుండా కేలరీలు చేరతాయి.

మొదటిది నూనె. వంతులవారీగా వండుకునే రూముల్లో ఎవరి వంతు వాళ్లు "రుచిగా ఉండాలి" అని నూనె గుమ్మరిస్తారు. మీ రూములో నలుగురున్నారు, లీటరు నూనె నాలుగు రోజుల్లో అయిపోతోందనుకోండి. మనిషికి రోజుకు 60 మిల్లీలీటర్ల పైన, అంటే సుమారు 500 కేలరీలు. అదే లీటరు ఆరు రోజులు వచ్చేలా చేస్తే ఒక్కొక్కరికి రోజుకు 170 కేలరీలు మిగులుతాయి. ఆరు కిలోలు తగ్గినందుకు పడిన తేడా దాదాపు అంతే కదా! మీ పళ్లెంలో ఒక్క మెతుకు తీయకుండానే లెక్క సరిపోయింది. డబ్బా తెరిచిన తేదీ దాని మీదే రాసి పెట్టండి. గరిటెతో కాకుండా చెంచాతో కొలిచి పోయండి.

రెండోది చాయ్. రోజుకు ఐదు చాయ్‌లు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర అంటే పది చెంచాలు, 160 నుంచి 200 కేలరీలు. కడక్ చాయ్‌లో డబ్బా పాలు అదనం. రెండు పూటలు పాల చాయ్ ఉంచుకుని మిగతావి చక్కెర లేని సులేమానీకి మార్చుకోండి. ఎండలో దాహానికి తాగే కూల్‌డ్రింకు 330 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. దాహానికి నీళ్లే తాగండి. చక్కెర కలపని లబన్ కూడా మంచిదే.

మూడోది సెలవు రోజు. వారంలో ఆరు రోజులు రోజుకు 300 కేలరీలు తగ్గించినా మొత్తం 1,800. సెలవు రోజు మందీ పళ్లెం, రెండు కోలాలు, పైన స్వీటు పడితే అందులో 1,500 ఒక్క పూటలో తిరిగి రావడం పెద్ద విషయం కాదు. సెలవు రోజు దోస్తులతో కూర్చోవద్దని ఎవరూ అనరు. మందీ ఒకటి తెప్పించుకుని ఇద్దరు పంచుకోండి, కోలా మానండి.

నాలుగోది మెల్లమెల్లగా పెరిగిన అన్నం. మొదట్లో రెండు గరిటెలే అనుకున్నది మూడో నెలకు మూడవుతుంది. వండిన అన్నం 100 గ్రాములు 130 కేలరీలు. మీ గిన్నె, మీ గరిటె మార్చకండి. లెక్క అక్కడే తప్పుతుంది.

నాలుగింటినీ ఒకేసారి పట్టుకోకండి. పెద్ద చిల్లు ఏదో చూసి ముందు దాన్ని పూడ్చండి. రెండు వారాలు చూసి, అవసరమైతే రెండోది.

మెస్ తిండే దిక్కైతే

మెస్‌లో మనకు ఎంచుకునే వీలు తక్కువ. అయినా వరస మార్చుకోవచ్చు. ముందు పప్పు, కూర, దోసకాయ, ఉల్లిపాయ వేసుకుని సగం పళ్లెం నింపండి. అన్నం గానీ ఖుబ్బూస్ గానీ చివర్లో వేసుకోండి. రెండూ ఒకే పూట వద్దు. పొద్దున రెండు ఉడకబెట్టిన గుడ్లు, లేదంటే గుప్పెడు ఉడికించిన శనగలు. బఖాలాలో దొరికే నీళ్లలో నిల్వ చేసిన ట్యూనా డబ్బా కూడా పనికొస్తుంది. మాంసకృత్తులుంటే కడుపు నిండుగా ఉంటుంది, కండ కరగదు. కండ కరిగితే మీ పనికీ నష్టం, రోజువారీ ఖర్చు ఇంకా పడిపోతుంది.

రోజంతా ఇటుకలు, స్టీలు మోసేవాళ్లకు వేరే ఎక్సర్‌సైజు అక్కర్లేదు, వాళ్లకు కావాల్సింది నిద్ర. డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, గోడౌన్‌లో కూర్చునేవాళ్లు మాత్రం రాత్రి భోజనం తర్వాత క్యాంపు చుట్టూ అరగంట నడవండి. నిద్ర ఐదు గంటలకు పడిపోతే ఆకలి పెరుగుతుంది, మనసు తీపి మీదికి, నూనె సరుకు మీదికి పోతుంది. నైట్ డ్యూటీ చేసేవాళ్లు పగలు పడుకునేటప్పుడు కళ్లకు గుడ్డ కట్టుకోండి, ఫోన్ దూరంగా పెట్టండి.

షుగర్ మందులు వాడేవాళ్లు ఇది తప్పక చదవండి

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ ఒక్కసారిగా తిండి తగ్గిస్తే షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, తికమక. ఎండలో పనిచేసేచోట ఇదంతా వేడి వల్లే అనుకుని పక్కవాళ్లు ఊరుకుంటారు. పరంజా మీద, క్రేన్ దగ్గర, స్టీరింగ్ ముందు ఉన్నప్పుడు ఇలా అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. షుగర్ 70 కంటే కిందికి, ఇక్కడి కొన్ని మిషన్లలో అయితే 3.9 కంటే కిందికి వస్తే ప్రమాదం. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలయ్యాక మళ్లీ చూసుకోవాలి. తగ్గకపోతే ఇంకోసారి తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్ పిలవాలి. జేబులో ఎప్పుడూ చక్కెర పొట్లం ఉంచుకోండి, మీకు షుగర్ ఉందని పక్కన పనిచేసేవాళ్లకు చెప్పి ఉంచండి.

బరువు తగ్గినకొద్దీ మందు డోసు కూడా తగ్గించాల్సి రావచ్చు. ఇంకో సంగతి. ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మందులు బరువును ఆపుతాయి, పెంచుతాయి కూడా. థైరాయిడ్ తక్కువైనా అంతే. మందు సొంతంగా మానేయకండి. "డాక్టర్ సాబ్, ఇన్ని కిలోలు తగ్గాను, ఇప్పుడు ఆగిపోయింది, మందు మార్చాలా?" అని అడగండి. సౌదీలో ప్రైవేటు కంపెనీ కార్మికుడి ఇన్సూరెన్స్ యజమానే కట్టాలి. యూఏఈలో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ ప్రైవేటు కార్మికులకు యజమాని ఇన్సూరెన్స్ తప్పనిసరి. కార్డు మీ చేతిలో లేకపోతే కంపెనీని అడిగి తీసుకోండి.

ఇవి మాత్రం చేయకండి

నీళ్లు తగ్గించకండి. నీళ్లు మానితే కొవ్వు ఒక్క గ్రాము కరగదు, కిడ్నీలు దెబ్బతింటాయి, వడదెబ్బ తగులుతుంది. ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని చెమట పట్టించడం, విరేచనాల మందు వేసుకోవడం కూడా ఇలాంటివే. బయట పని ఉన్నరోజు ఖాళీ కడుపుతో వెళ్లకండి.

ఎండాకాలం మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి దేశాల్లో రూల్స్ ఉన్నాయి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12:30 నుంచి 3 గంటల వరకు. సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి 3:30 వరకు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు. ఆ విరామం మీ హక్కు. ఆ టైములో నీడలో కూర్చుని తినండి, నీళ్లు తాగండి.

"కొవ్వు కరిగించే" మాత్రలు, టీపొడులు ఫోన్లో చూసి కొనకండి. సిబుట్రామిన్ అనే మందును గుండెకు ప్రమాదమని 2010లో అమెరికా, యూరప్‌లలో ఆపేశారు, 2011లో మన దేశంలోనూ నిషేధించారు. పేరు చెప్పకుండా అదే మందు కలిపిన సరుకు చాలా దేశాల్లో పట్టుబడింది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు డాక్టర్ చీటీతో, పరీక్షలు చేసి వాడాల్సినవి, దోస్తు దగ్గర అడిగి పొడుచుకునేవి కావు. ఊరి నుంచి చీటీ లేకుండా మందులు తెప్పించుకుంటే ఎయిర్‌పోర్టులో కేసు కూడా కావచ్చు.

ఇళ్లల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లకు, ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు

ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు తిండి వేళ తమ చేతిలో ఉండదు. మిగిలిన అన్నం, ఖుబ్బూస్ రాత్రి పదకొండింటికి తినాల్సి వస్తుంది. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపని కార్మికులకు తిండి, మందులు, వైద్యం యజమానే ఇవ్వాలి, వారానికి ఒకరోజు సెలవు ఉండాలి. "షుగర్ ఉంది, ఎనిమిదింటికి తినాలి" అని మేడమ్‌కు డాక్టర్ కాగితం చూపించి అడగండి. అడగడం తప్పు కాదు.

ఊళ్లో ఉన్న అమ్మలూ, భార్యలూ, మీకు కూడా ఒక మాట. వీడియో కాల్‌లో "ఇంకా తగ్గలేదా" అనకండి, "మొహం పీక్కుపోయింది, బాగా తిను" అనీ అనకండి. వచ్చేవాళ్ల చేతికి స్వీట్లు, పొడిమందులు కాకుండా వేయించిన శనగలు పంపండి. సెలవు మీద వచ్చిన రెండు నెలల్లో రోజూ విందు పెడితే ఏడాది కష్టం పోతుంది.

చివరగా, మొదలుపెట్టిన బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్, బీపీ మెరుగవుతాయి. 92 కిలోల మనిషికి అది సుమారు ఐదు నుంచి తొమ్మిది కిలోలు. ఆరు తగ్గి ఆగినవాళ్లు ఇప్పటికే ఆ మేలు పొందుతున్నారు. ఇంకో నెల అక్కడే నిలబడ్డా నష్టం లేదు, వెనక్కి పోకుండా ఉంటే చాలు. కాళ్లు వాచి, ఆయాసంతో బరువు పెరుగుతున్నా, ఏమీ చేయకుండానే బరువు పడిపోతూ దాహం, మూత్రం ఎక్కువైనా మాత్రం ఆగకండి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.