మాట్లాడే పెట్టెలో మందు పేరు స్పష్టంగా వినబడాలంటే

పత్తిలో రసం పీల్చే పురుగులకు ఎసిఫేట్‌ను లీటరు నీటికి 1.5 గ్రాములు, ఎసిటామిప్రిడ్‌ను 0.2 గ్రాముల చొప్పున సిఫారసు చేయడం పరిపాటి. రెండు పేర్లూ ఒకే విధంగా ఆరంభమవుతాయి. ఒకదాని మోతాదును పొరపాటున రెండవదానికి అన్వయించుకుంటే ఏడున్నర రెట్లు తేడా వస్తుంది. ప్రదర్శన క్షేత్రాలలో మీట నొక్కితే మాట్లాడే పెట్టెలను అమర్చేటప్పుడు మనం సాధారణంగా చిప్ ధరను, సందేశం నిడివిని మాత్రమే చూస్తాము. అది ఎంత పౌనఃపున్యం వరకు ధ్వనిని నిలుపుతుందో అంతకంటె ముందుగా చూడవలసి ఉంటుంది.

మాటలోని శక్తిలో అధిక భాగం అచ్చులది. అది 1 కిలోహెర్ట్జ్‌కు దిగువనే కేంద్రీకృతమై ఉంటుంది. కాని పదాన్ని పదం నుండి వేరుచేసేవి ప్రధానంగా హల్లులు. వాటి ఆనవాళ్లు ఎక్కువగా 1 నుండి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. ‘స’కారపు బలం ఇంకా పైన ఉంటుంది. ఎసిఫేట్‌లోని ‘ఫ’ ధ్వని మరీ బలహీనమైనది, పై పౌనఃపున్యాలలోకి విస్తరించి ఉంటుంది. సంప్రదాయ టెలిఫోను 300 నుండి 3400 హెర్ట్జ్ వరకే పంపుతుంది. సంభాషణకు అది చాలును, ఎందుకంటే వినబడనిదానిని సందర్భం పూరిస్తుంది. రసాయనం పేరుకు అటువంటి సందర్భం ఉండదు. ఫోనులో కొత్త పేర్లను అక్షరం అక్షరంగా చెప్పవలసి రావడం ఇందువల్లనే.

ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు నమూనా తీస్తామో, అందులో సగానికి లోపు పౌనఃపున్యాలు మాత్రమే సరిగా నిలుస్తాయి. ఐ.ఎస్.డి. 1820 చిప్‌లో ఒక నిరోధకం విలువ ఈ వేగాన్ని నిర్ణయిస్తుంది. 80 కిలోఓమ్‌లు పెడితే 8 సెకన్ల నిడివి, 3.4 కిలోహెర్ట్జ్ వరకు ధ్వని లభిస్తాయి. 200 కిలోఓమ్‌లకు మారిస్తే నిడివి 20 సెకన్లకు పెరుగుతుంది, ధ్వని 1.3 కిలోహెర్ట్జ్ వద్దనే ఆగిపోతుంది. ఏ.పి.ఆర్. 9600లో కూడా 60 సెకన్ల నిడివి కోరితే 2.1 కిలోహెర్ట్జ్‌తో సరిపెట్టుకోవాలి.

కొన్నేళ్ల క్రితం ఒక క్షేత్ర దినోత్సవానికి, సందేశమంతా పట్టాలన్న ఆశతో, నేనే 20 సెకన్ల అమరికను ఎంపిక చేశాను. గదిలో మాకు అది చక్కగా వినిపించింది. రాసినవారం మేమే కదా! పొలంలో రైతులు మూడేసిసార్లు మీట నొక్కి, చివరకు మమ్మల్నే అడిగారు.

“ముక్కుకు గుడ్డ కట్టుకొని పిచికారీ చేయండి” వంటి చిన్న హెచ్చరికకు 8 సెకన్ల అమరిక సరిపోతుంది. మందు పేరు, మోతాదు చెప్పవలసినచోట మెమరీ కార్డు నుండి పలికే డి.ఎఫ్.ప్లేయర్ మినీ వంటి పరికరం మేలు. 16 కిలోహెర్ట్జ్ నమూనా వేగంతో ముద్రిస్తే దాదాపు 7 కిలోహెర్ట్జ్ వరకు ధ్వని నిలుస్తుంది. కుదించకుండా 16 బిట్లలో, ఒకే ఛానెల్‌లో నిమిషం సందేశానికి రెండు మెగాబైట్ల లోపే పడుతుంది. కార్డులో స్థలం ఇక సమస్యే కాదు.

దిగువ పౌనఃపున్యాల విషయంలో మాత్రం ఉదారంగా కోత వేయవచ్చు. చిన్న స్పీకరు 200 హెర్ట్జ్ లోపు ధ్వనిని ఎలాగూ పలికించలేదు. ఆ ప్రయత్నంలో మిగిలిన మాటను కూడా బొంగురుగా చేస్తుంది. గాలి, ఇంజను రొద కూడా అధికంగా అక్కడే ఉంటాయి. పురుష కంఠపు మూల పౌనఃపున్యం తెగిపోయినా, పై స్వరాలను బట్టి చెవి దానిని ఊహించుకుంటుంది. 2 నుండి 4 కిలోహెర్ట్జ్ భాగాన్ని కొద్దిగా పెంచితే వయసు పైబడిన రైతులకు మేలు, ఎందుకంటే వయసుతో ముందుగా తగ్గేది పై పౌనఃపున్యాల వినికిడే. మైకును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచి, ప్రతిధ్వని లేని గదిలో ముద్రించాలి.

పెట్టెను పొలంలో నిలిపేముందు, ఆ సందేశం అంతకు ముందు వినని అయిదారుగురిని పిలిచి, పక్కన పంపు నడుస్తుండగా రెండు మీటర్ల దూరం నుండి ఒక్కసారే వినిపించాలి. మందు పేరు, మోతాదు వారి చేతనే తిరిగి చెప్పించాలి. ఒక్కరు తడబడినా ఆ వాక్యాన్ని మళ్లీ ముద్రించాలి.