చుక్క తప్పిన ముగ్గు కలియదు

పత్తి తీతలు ఒక కొలిక్కి వచ్చి, మిరపచేలలో తొలికోతకు కూలీల పిలుపులు మొదలగు ధనుర్మాసపు రోజులలో, సత్తెనపల్లి చుట్టుపట్ల వాకిళ్లయందు పలకయు బలపమును లేని బడి యొకటి నడచుచుండును. దానికి గురువు ఇంటిలోని నాయనమ్మయో అమ్మమ్మయో. ఉపకరణములు ఆవుపేడ, ముగ్గుపిండి, పురికొస. పరీక్ష భోగినాటి తెల్లవారుజామున మంటయెదుట.

పిల్లలకై చేయు భోగిపిడకలు పొయ్యిలోనికి చేయు పెద్దపిడకల వంటివి కావు. నిమ్మకాయంత పేడముద్దను అరచేత అదిమి, బిళ్లగా చేసి, నడుమ వ్రేలితో చిల్లి పెట్టి, ఎండ తగులు చోట ఆరవేయుదురు. ఎండినవానిని పురికొసకు గ్రుచ్చు వేళ, నాలుగేండ్ల పసివాడు నోటితో "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అని పరుగెత్తును. కొసకు దిగినవి మాత్రము మూడే. "ఒరేయ్ నాన్నా, నోరు ముందు పోతే ఎట్లారా? బిళ్ల దిగినాకే అంకె చెప్పు" అని నాయనమ్మ ఆపును. ఈ మారు సరిగా లెక్కించును. "మరి మొత్తం ఎన్నిరా?" అని యడిగిన, బదులు చెప్పక మరల ఒకటినుండి మొదలుపెట్టును.

వాడు మందమతి కాడు. 1978లో రోచెల్ గెల్మన్, గాలిస్టెల్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు శిశువుల సంఖ్యాజ్ఞానమును గూర్చిన గ్రంథమున, లెక్కించుటకు మూలసూత్రములు 5 అని చెప్పిరి: ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క అంకె, అంకెల వరుస మారకుండుట, చివర పలికిన అంకెయే మొత్తమగుట, ఏ వస్తువుల నైనను లెక్కింపదగుట, ఏ కొసనుండి ఆరంభించినను మొత్తము మారకుండుట. మన పసివానికి మొదటి రెండును పట్టుబడినవి, మూడవది ఇంకను పట్టుబడలేదు. దండను త్రిప్పి పట్టుకొని రెండవ కొసనుండి లెక్కింపజేసినచో ఐదవ సూత్రమును వాని చేతికే అందును.

పిడకల దండ కూడికకు ఆది యైన, చుక్కల ముగ్గు దానికి పైతరగతి. నడుమ 3 చుక్కలు పెట్టి, ఇరుప్రక్కల సందు చుక్కలుగా రెండేసి పెట్టిన మొత్తము 7. నడుమ 5 పెట్టి, ఇరువైపుల 4, 3 చొప్పున తగ్గించుకొని వచ్చిన 19. నడుమ 7 పెట్టి 4 వరకు తగ్గించిన 37. ఈ అంకెలు పొంతన లేనివిగా తోచును గాని, నడిమి చుక్కపై వ్రేలుంచి చూడుడు: దానిచుట్టు 6, వానిచుట్టు 12, ఆపైన 18. ఆరవ యెక్కము, వల్లెవేయకుండనే, వాకిట వలయములుగా పఱచుకొని యున్నది.

అన్నిటికంటె మేలైన గుణము మరియొకటి కలదు. ఒక్క చుక్క తప్పినను గీత దారి తప్పి ముగ్గు కలియదు; తప్పును చూపుటకు కోపపు మాటయు బెత్తమును అక్కరలేదు. 1939లో మద్రాసు అడయారునకు వచ్చిన మరియా మాంటిస్సోరి తన బోధనోపకరణములయందు కోరినదియు ఇదియే: బిడ్డ తన పొరపాటును తానే కనుగొనునట్లు వస్తువే దిద్దవలెను.

దండకును గణితమునకును మన సీమలో చుట్టరికము పాతదే. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహమున, ఎటునుండి చదివినను ఒకే తీరుగ నుండు లబ్ధములను హారములుగా భావించి కూర్చెను. 139ని 109చే గుణించిన 15151 వచ్చుట అట్టిదే. ఆ గ్రంథమును తెనిగించిన పావులూరి మల్లన యింటిపేరులోని పావులూరు ఈ పత్తిమిరప నేలకు ఎంతో దూరము కాదు.

నేడు పట్టణపు బజారులో గ్రుచ్చిన దండలే అమ్మకమునకు వచ్చుచున్నవి. సౌకర్యమే, కాని అందలి లెక్కను అమ్మినవాడే ముగించి యుంచినాడు. విడిపిడకలను, కొసను కొని బిడ్డ చేతికిండు. పిడకలు దొరకనిచోట బంతిపూలైనను చాలును. చుక్కలు మీరు పెట్టి గీత బిడ్డకు వదలకుడు. చుక్కలే వానిచేత పెట్టింపుడు.

భోగినాడు మంచు విడకమునుపే, నాయనమ్మ చేయి పట్టుకొని పసివాడు మంటయెదుట నిలిచెను. "దండలో ఎన్నిరా?" అని ఆమె యడిగెను. ఈ మారు వాడు ఒకటినుండి మొదలుపెట్టలేదు. "పదకొండు" అని చెప్పి దండను మంటలోనికి విసరెను.