బుడగ తేలికే, కలపడమే కష్టం

నూజివీడు చిన్నరసం మామిడితో షాంపేన్ తరహా నురగ వైన్ చేయవచ్చా? చేయవచ్చు. కానీ ఒక్క చిన్నరసాన్నే నమ్ముకుంటే చప్పిడి పానీయమే మిగులుతుంది. మామిడి వైన్ కొత్త ఊహేమీ కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు పలు రకాల మామిడి రసాలను ఈస్టుతో పులియబెట్టి, 2005లో ఆ ఫలితాలు ప్రచురించారు. గుజ్జును చిక్కగా ఉంచే పెక్టిన్‌ను ఎంజైముతో విడగొడితే రసం తేటపడుతుంది. ఆ క్రమంలో కాస్త మిథనాల్ పుడుతుంది కనుక దాన్ని కొలవడం తప్పనిసరి. లీటరు రసంలో 160 గ్రాముల చక్కెర ఉంటే సుమారు 9 శాతం ఆల్కహాల్ వస్తుంది.

అందరినీ ఆకర్షించే బుడగ నిజానికి తేలిక. తయారైన వైన్‌లో లీటరుకు 24 గ్రాముల చక్కెర, కొంచెం ఈస్టు వేసి సీసా బిగిస్తే, బయటికి దారిలేని కార్బన్ డయాక్సైడ్ దాదాపు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడితో అందులోనే కరిగిపోతుంది. (మామూలు సీసా అయితే పేలిపోతుంది, ఇంట్లో ప్రయత్నించకండి.) చక్కెర వేస్తే వైన్ నురగలెత్తుతుందని క్రిస్టఫర్ మెరెట్ 1662లోనే లండన్ రాయల్ సొసైటీకి చెప్పాడు. సోడాలా గ్యాస్ ఎక్కిస్తే పోదా అంటారా? బుడగలైతే వస్తాయి. చచ్చిన ఈస్టు మడ్డి మీద నెలల తరబడి నిలవుంటే వచ్చే రుచి మాత్రం రాదు. షాంపేన్‌ను కనీసం 15 నెలలు సీసాలో ఉంచాలని, అందులో 12 నెలలు మడ్డి మీదే ఉంచాలని నిబంధన పెట్టింది అందుకే.

అసలు చిక్కు పులుపు దగ్గరుంది. నురగ వైన్‌కు పులుపే వెన్నెముక. షాంపేన్ ప్రాంతంలో ద్రాక్షను తీపి ముదరకముందే కోసేది దానికోసమే. చిన్నరసం దీనికి సరిగ్గా ఎదురు: పండేకొద్దీ ఆమ్లం తగ్గి చక్కెర పెరుగుతుంది. కనుక దాన్ని సువాసనకు పరిమితం చేసి, కాస్త పులుపుండే కలెక్టర్ రకం మామిడి వైన్‌ను ఆధారంగా తీసుకోవాలి. ఏ రకానికారకం విడిగా పులియబెట్టి, రుచి చూసి పాళ్లు తేల్చుకోవాలి. అలా కలిపితే నూజివీడు రసం పేరు చెడదా అనే అభ్యంతరం వస్తుంది. షాంపేన్‌లోనూ షార్డొనే, పినో న్వార్, మ్యూనియే ద్రాక్షల వైన్లను, పాత ఏళ్ల నిల్వలను కలుపుతారు; దాంతో ఆ ఊళ్ల పరువేమీ పోలేదు. సిట్రిక్ ఆమ్లం పొడి వేస్తే చాలదా అన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. పొడి పులుపును సరిచేస్తుంది, ఏడాదికీ ఏడాదికీ వచ్చే తేడాను సరిచేయలేదు. ఒక ఏడు విరగకాసి మరో ఏడు మొహం చాటేసే మామిడికి పాత వైన్ నిల్వల అవసరం ద్రాక్షకున్న దానికంటే ఎక్కువ.

ఈ పనికి దిగాలనుకునేవారు మొదటి కోత నుంచే తోటవారీగా, రకంవారీగా చక్కెర, ఆమ్లం కొలిచి రాసిపెట్టుకోండి. సీసాలు, బిరడాలు తర్వాత కొనుక్కోవచ్చు.